వంటింటి కింద

నాయనమ్మ జల్లెడ ఆడిస్తోంది. నేను ఎదురుగా గొంతుక్కూర్చుని, రాత్రి పొయ్యిలోంచి ఎత్తిన బూడిదను చేటతో కొంచెం కొంచెంగా అందిస్తున్నాను. మెత్తటి బూడిద గోనెపట్టా మీదికి జారిపోతోంది. జల్లెడలో మిగిలిన పలుకులను నాయనమ్మ వేలితో తిరగేస్తోంది. పూర్తిగా కాలింది బెండులా తేలిపోతుంది. కడుపులో ఇంకా బొగ్గు మిగిలిన పలుకు వేలికి బరువు తగులుతుంది. దాన్ని కళ్ళతో చూడక్కర్లేదు. నాయనమ్మ గోడ వైపు చూస్తూ, కబుర్లు చెబుతూనే ఏరేస్తుంది.

"బొగ్గుల ఊళ్ళో ఉండి బూడిద జల్లించుకోవడమేంటి అత్తయ్యా, వీధంతా నవ్వుతోంది" అంది అమ్మ వంటింట్లోంచి.

"నవ్వనీ. నవ్వితే పళ్ళు తెల్లగా కనిపిస్తాయి, ఈ ఊళ్ళో తెల్లగా ఉండేవి అవే. ఒక్కో పలుకు కోసం మీ మామగారు ఎంత వంగాడో నాకు తెలుసు. తాగుబోతే. కానీ వంగినప్పుడు వంగాడు."

తాతయ్య పేరెత్తితే ఆ మాట ముందో వెనకో రావాల్సిందే. తాతయ్యను నేను చూడలేదు. నేను పుట్టకముందే దగ్గుతో పోయాడు. నాకు తెలిసిన తాతయ్య నాయనమ్మ నోట్లోంచి వచ్చినవాడే: మంచి చెయ్యి ఉన్న పనివాడు, తాగి వచ్చి వంటింట్లో వట్టి నేల మీద బోర్లా పడుకునేవాడు, పెరట్లో ఉన్న నేరేడు చెట్టును కొట్టి అమ్మి తాగేసినవాడు.

ఆ చెట్టు మొదలు ఇంకా పెరట్లోనే ఉండేది. అమ్మ దాని మీద బట్టలు ఉతికేది. వానలు పడినప్పుడల్లా దాని పక్కనుంచి ఎర్రటి చిగుళ్ళు వచ్చేవి. నాయనమ్మ వాటిని చిదిమేసేది. "పెరిగితే మళ్ళీ ఎవడో ఒకడు తాగుతాడు" అనేది. కాపురానికి వచ్చిన ఏడాది ఆవిడ నాటిన చెట్టట. నాన్న చిన్నప్పుడు దాని కొమ్మకు ఉయ్యాల కట్టిందట. చెట్టు కొట్టేసిన రోజు నాన్న తాడు పట్టుకుని సాయంత్రం దాకా ఏడ్చాడని చెప్పేది. నాన్న ఆ మాట వచ్చినప్పుడల్లా లేచి బయటికి వెళ్ళిపోయేవాడు.

ఆ ఎండాకాలంలో మా వీధి కింద స్తంభాలు తీయడం మొదలుపెట్టారు.

గనిలో మొదటిసారి బొగ్గు తవ్వినప్పుడు మొత్తం తవ్వరు. సందులు సందులుగా తవ్వుకుంటూ పోయి, మధ్యలో బొగ్గునే పెద్దపెద్ద స్తంభాలుగా వదిలేస్తారు. పైకప్పును అవి మోస్తాయి. కొన్నేళ్ళకు గనిలో ఇంకేమీ మిగలనప్పుడు, ఆ స్తంభాలను కూడా చివరి నుంచి ఒక్కొక్కటే తీసుకుంటూ వెనక్కి వస్తారు. ఇల్లు ఊడ్చేవాళ్ళు మూలల నుంచి గుమ్మం వైపు ఊడ్చుకుంటూ వచ్చినట్టు. వాళ్ళు వెనక్కి వచ్చిన కొద్దీ ముందు కప్పు కూలుతుంది. అది కూలితే పైన నేల కుంగుతుంది. నేల మీద ఇళ్ళుంటే, ఇళ్ళు.

మా ఊరు చిన్నది. ఒక పక్క రైలు కట్ట, ఒక పక్క గనిలోంచి ఎత్తిపోసిన మట్టి గుట్ట. మధ్యలో గుర్రాల వీధి, అడితి వీధి, మా లాంతర్ల వీధి. గుర్రాలు నా కాలానికి లేవు, లాంతర్లూ లేవు. పేర్లు మాత్రం ఉన్నాయి. ఎవరో నీళ్ళ కోసం బావి తవ్వితే నల్లరాయి పడిందట, వాడు తిట్టుకుంటూ పొయ్యి కింద పెడితే అది మండిందట. "నీళ్ళడిగితే నిప్పు దొరికింది, అందుకే ఈ ఊళ్ళో ఎప్పుడూ నీళ్ళకు కరువే" అనేది నాయనమ్మ. ఆ బావినే పెద్దది చేసి గనిలోకి దారి చేశారు. బడిలో గోడకు తగిలించిన పటంలో మా ఊరి దగ్గర చిన్న సుత్తి బొమ్మ ఉండేది. పిల్లలందరి వేళ్ళూ పడీ పడీ ఆ సుత్తి చెరిగిపోయింది.

నాన్నకు రెండు ఊళ్ళు తెలుసు, పైదీ కిందదీ. నాతో బజారుకి వస్తే మాట్లాడకుండా నడిచి, ఉన్నట్టుండి "ఇప్పుడు మనం గుర్రాల సాల మీద ఉన్నాం" అనేవాడు. నేను కాలు ఎత్తి చూసుకునేదాన్ని. ఆయన పని కప్పుకు ఊత కర్రలు నిలబెట్టడం. కర్రతో పైకప్పును తట్టి, మోగితే గట్టిదని, డొల్లగా పలికితే వదులైందని చెప్పేవాడు. ఆ అలవాటు ఇంట్లోనూ పోలేదు. ఎవరింటికి వెళ్ళినా ముందు దూలం తట్టి గానీ కూర్చునేవాడు కాదు. "నన్ను చూడ్డానికి వచ్చినరోజు మీ నాన్న నా ముఖం చూళ్ళేదే, కప్పు చూశాడు. కప్పు బాగుందని ఒప్పుకున్నాడు" అని అమ్మ అందరికీ చెప్పి నవ్వేది.

షిఫ్టుకు బయల్దేరేటప్పుడు గుమ్మంలో నిలబడి "వస్తా" అనేవాడు. నాయనమ్మ లోపల్నుంచి "రా" అనేది. ఆ రెండు ముక్కలూ లేకుండా మా ఇంట్లోంచి ఎవరూ గడప దాటకూడదు. నేను బడికి వెళ్ళినా, అమ్మ కుళాయికి వెళ్ళినా అంతే. ఒకసారి అమ్మ తొందరలో మర్చిపోయి సగం వీధి దాటాక, నాయనమ్మ వెనక్కి పిలిచి మరీ చెప్పించింది. "చెప్పి వెళ్ళినవాళ్ళు తిరిగి రావాలి, అది బాకీ" అనేది.

* * *

వీధి చివర్నుంచి ఖాళీ అవుతూ వచ్చింది. రైలు కట్ట అవతల కొత్త క్వార్టర్లు కట్టారు. లారీ రోజుకో ఇంటి ముందు ఆగేది. జనం మంచాలు, బిందెలతో పాటు తలుపులు కూడా ఊడదీసుకుని వెళ్ళేవాళ్ళు. కుంగిపోయే ఇంటికి తలుపెందుకు? తలుపుల్లేని గుమ్మాల్లోంచి వెనక పెరళ్ళు కనిపించేవి. అన్నాళ్ళూ ఒకరి పెరడు ఒకరికి తెలియని వీధి, చివరి రోజుల్లో కడుపు విప్పి చూపించినట్టు ఉండేది. ఒక ఇంట్లో వంటింటి గోడ మీద పిల్ల ఎత్తు కొలిచిన బొగ్గు గీతలు, ఒక ఇంట్లో మేకుకు వేలాడే ఒంటి చెప్పు. నేను సాయంత్రాలు ఆ ఇళ్ళల్లోకి తొంగిచూస్తూ తిరిగేదాన్ని. అందరూ బతికున్నారు, రైలు కట్ట దాటితే కనిపిస్తారు. అయినా ఆ గడపలు దాటేటప్పుడు అడుగుల చప్పుడు కాకుండా నడిచేదాన్ని.

పక్కింటి మెషీనత్త వెళ్ళినరోజు ఆవిడ కుట్టుమిషన్ను తోపుడు బండి మీద పెట్టి, దాని మీద దుప్పటి కప్పింది. ముసలి మనిషిని తీసుకెళ్తున్నట్టు ఉంది.

"పెద్దమ్మా, నువ్వు కూడా వచ్చెయ్. అక్కడ ఇళ్ళు అగ్గిపెట్టెల్లా ఉన్నాయి, ఒప్పుకుంటా. కానీ తలుపులు పడుతున్నాయి. నా తలుపు నెలరోజులుగా పడట్లేదు. మా ఆయన గురక వీధంతా విన్నది."

"తలుపులు వేసుకున్నా విన్నాం లేవే" అంది నాయనమ్మ.

"ఏం చూసుకుని నీకింత ధైర్యం?"

"నా ఇంటి కింద స్తంభం ఉంది. మా ఆయన వదిలిపెట్టాడు. తాగుబోతే కానీ ఆ ఒక్క పని చేశాడు. 'మన వంటింటి కింద బొగ్గు ముట్టుకోలేదు, హాయిగా నిద్రపో' అన్నాడు. నిద్రపోతున్నా. మీ ఇళ్ళ కింద ఎవరున్నారో మిమ్మల్ని అడగాలి."

మెషీనత్త నా వైపు చూసి కళ్ళెగరేసింది. తర్వాత నాయనమ్మను గట్టిగా పట్టుకుని, ముక్కు చీదుకుని, బండి వెనకాల నడిచింది. నడుస్తూ నడుస్తూ వెనక్కి తిరిగి "నీ జాకెట్లు ఇకమీద ఎవరు కుడతారో చూస్తా" అని అరిచింది.

మా ఇల్లు వీధికి మొదట్లో ఉంది, గని నోటికి దగ్గర. అందుకని మా వంతు చివర. ఒకరోజు ఆఫీసు కుర్రాడు రంగు డబ్బా, చుట్టిన పటం పట్టుకుని వచ్చాడు. గోడ మీద గుర్తు పెట్టబోతుంటే నాయనమ్మ అడ్డం నిలబడింది.

"నా గోడ మీద గీస్తే నీ ముఖం మీద గీస్తా."

"బామ్మగారూ, నా పని నన్ను చేసుకోనివ్వండి."

"నీ పటంలో నా వంటింటి కింద ఏముందో చెప్పు ముందు."

అతను ఓపిగ్గా పటం విప్పి, వేలు పెట్టి వెతికి, "స్తంభమే ఉందండీ. పెద్దదే" అన్నాడు.

"విన్నావా?" అని నాయనమ్మ అమ్మ వైపు తిరిగింది. ముఖం వెలిగిపోయింది.

"అది తీయడానికే కదండీ వచ్చాం" అన్నాడు అతను, గుర్తు పెట్టేసి. వానలు పడేలోపు ఖాళీ చేయాలని, పడితే తడి మట్టి బరువుకు కింద పనివాళ్ళకే ప్రమాదమని అమ్మతో చెప్పి వెళ్ళాడు. పైన మనుషులుండగా కింద స్తంభం తీయరు, కాబట్టి ఎవరైనా మొండికేస్తే ఎత్తి బండిలో కూర్చోబెడతారని కూడా, గొంతు తగ్గించి చెప్పాడు.

నాన్న షిఫ్టు నుంచి రాగానే అమ్మ అదంతా చెప్పింది. నాన్న నల్లటి ముఖంతోనే వెళ్ళి నాయనమ్మ ముందు కూర్చున్నాడు.

"అమ్మా, నాన్న స్తంభం వదిలాడు, నిజమే. ఇప్పుడు దాన్ని తీస్తారు. ఇంకో వారంలో మా గ్యాంగు అక్కడికి వస్తుంది."

"ఎవరు తీస్తారు?"

"నేను ఊతకర్రలు పెడతాను, వాళ్ళు తవ్వుతారు, నేను కర్రలు లాగేస్తాను."

"అంటే నువ్వే."

"నేను కాకపోతే ఇంకొకడు."

"సరే. నేను వంటింట్లో పీటేసుకుని కూర్చుంటా. అమ్మ కూర్చున్న పీట ఎలా లాగుతావో చూస్తా."

నాన్న లేచి వంటింటి దూలం తట్టాడు. ఆ శబ్దం నాకే తేడాగా వినిపించింది.

ఇంట్లో అప్పటికే తేడాలు మొదలయ్యాయి. బిందెలో నీళ్ళు ఒక పక్కకి వాలి నిలబడేవి. అమ్మ దాని కింద ఒక చెక్కముక్క పెట్టింది, కొన్నాళ్ళకు రెండోది పెట్టింది. నేల మీద పెట్టిన నిమ్మకాయ దానంతటదే దొర్లుకుంటూ పొయ్యి దగ్గరికి పోయేది. నాయనమ్మ అది చూసి కూడా చూడనట్టు, "ఈ నేల ఎప్పుడూ అంతే" అనేది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

"అత్తయ్యను ఎత్తుకుపోనివ్వండి ఆ ఆఫీసువాళ్ళనే. ప్రాణం ముఖ్యం కదా" అంది అమ్మ ఒక సాయంత్రం పెరట్లో.

"బతికుండగా మా అమ్మను నలుగురి చేత మోయించను" అన్నాడు నాన్న.

* * *

ఆ వారం ఎండ విరిగి, మధ్యాహ్నాలు ఆకాశం బూడిద రంగుకు తిరిగింది. లోలోపల ఎప్పుడూ రగిలే మట్టి గుట్ట మీంచి పొగ కిందికి దిగుతోంది. వాన వచ్చే ముందు అలా దిగుతుంది.

మొదటి షిఫ్టు అయిపోయిన కూత వినిపించి చాలాసేపయింది. నాన్న రాలేదు. అమ్మ మూడుసార్లు గుమ్మంలోకి వెళ్ళొచ్చింది. గనివాళ్ళ ఇళ్ళల్లో ఆలస్యాన్ని ఎవరూ పైకి అనరు. గిన్నెలు మాత్రం గట్టిగా చప్పుడు చేస్తాయి.

ఆయన వీధి గుమ్మంలోంచి రాలేదు. పెరటి వైపు నుంచి వచ్చాడు. భుజం మీద గోనె చుట్టిన దుంగ ముక్క ఉంది. దాన్ని నేరేడు మొదలు పక్కన దింపి, మొదలు మీదే కూర్చున్నాడు. స్నానానికి నీళ్ళు అడగలేదు.

"పొయ్యిలోకా?" అంది అమ్మ.

"ముట్టుకోకు."

నేను పెరటి అరుగు మీద బట్టలు మడతపెడుతున్నాను. నాయనమ్మ ముందు గదిలో కునుకు తీస్తోంది. నాన్న గొంతు తగ్గించి మాట్లాడాడు. ఆయన అంతసేపు మాట్లాడటం నేను అదే చూడటం.

"అక్కడ స్తంభం లేదు."

"ఎక్కడ?"

"మన కింద. పటంలో ఉంది, అక్కడ లేదు. బొగ్గు ఎప్పుడో తవ్వేశారు. రెండు పక్కలా పలుచటి గోడలు మిగిలాయి అంతే. మధ్యలో మన వంటింటంత ఖాళీ."

అమ్మ గబుక్కున కాళ్ళ కింద నేల చూసుకుంది. "మరి ఇన్నాళ్ళూ..."

"కర్ర ఉంది. దుంగలు అడ్డంగా రెండు, నిలువుగా రెండు పేర్చుకుంటూ కప్పు దాకా దొంతి కట్టారు. సందుల్లో రాళ్ళు దిగ్గొట్టారు. అలాంటి దొంతి ఇప్పుడు మా గ్యాంగులో ఎవరికీ కట్టడం రాదు. మా గనిలోకి వచ్చే కర్ర కాదది. లాంతరు పెట్టి చూశా. నేరేడు." నాన్న గోనె విప్పాడు. "బయటికి పొడుచుకొచ్చిన చివర కోసి తెచ్చా."

నల్లటి ముక్క. పిల్లవాడి తొడంత లావుంది. దాని చుట్టూ, ఒకదానికొకటి జానెడు దూరంలో, రెండు గాడులు ఉన్నాయి. గొడ్డలి పెట్టినవి కావు. తాడు రోజూ ఒరుసుకుని ఒరుసుకుని పడినవి. నాన్న రెండు చూపుడు వేళ్ళూ ఆ రెండు గాడుల్లో పెట్టి, అలాగే ఉంచాడు.

అమ్మకు అర్థమైంది. నాక్కూడా అర్థమైంది.

"అత్తయ్యకు చెప్పండి. ఈ క్షణమే కదుల్తారు."

"ఏమని చెప్పను? నీ మొగుడు అబద్ధం చెప్పాడనా? నీ ఇంటి కింద బొగ్గు తనే తిన్నాడనా? ఆవిడ దగ్గర ఆయన గురించి మిగిలిన మంచి మాట ఆ స్తంభం ఒక్కటే. అదీ లేదని నేను చెప్పాలా?"

"చెట్టు తాగలేదని కూడా చెప్తారు కదా."

నాన్న తలెత్తాడు. ఆ వైపు నుంచి ఆయన ఆలోచించలేదనుకుంటా. లేచి, చొక్కా దులుపుకుని, దీపాల తాతను తీసుకురావడానికి వెళ్ళాడు.

దీపాల తాత మా తాతయ్య గ్యాంగులో మిగిలిన ఒక్క మనిషి. ఒంట్లో సత్తువ తగ్గాక దీపాల గదిలో కూర్చుని, దిగేవాళ్ళకు దీపాలిచ్చి, ఎక్కినవాళ్ళ దగ్గర తీసుకునేవాడు. ఆయన వచ్చి పెరటి గుమ్మంలో నిలబడి, దుంగను చూసి, నాలుక కరుచుకున్నాడు.

"దొరికిందా? నేను పోయాక దొరుకుతుందనుకున్నా."

అప్పటికి నాయనమ్మ లేచి పెరట్లోకి వచ్చింది. "ఏం దొరికింది? అందరూ నా పెరట్లో పంచాయితీ పెట్టారేంటి? కదలమని చెప్పడానికి నిన్ను కూడా తెచ్చారా?"

"కూర్చో వదినా."

"నా పెరట్లో నన్ను కూర్చోమంటావా? చెప్పు."

"చెబితే చంపేస్తానన్నాడు మీ ఆయన. పోయినవాడు ఎలా చంపుతాడులే అని చెప్తున్నా." దీపాల తాత చేతికర్ర మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు. "అప్పుడు బొగ్గు నింపి పంపే ఇనప టబ్బుకింత అని కూలి. బొగ్గు మెత్తగా తగిలితే చెయ్యి అటే పోతుంది. ఎక్కడిదాకా తవ్వాలో పెట్టిన గీత చూసుకోలేదు. నలుగురం ఒక నెలంతా పక్కకి తిరిగిపోయాం. మంచి బొగ్గు పడిందని సంబరం కూడా. తీరా మేస్త్రీ వచ్చి కొలిస్తే, మేం తిన్నది లాంతర్ల వీధి స్తంభం. ఇంకా కొలిస్తే, సరిగ్గా మీ ఆయన వంటింటి కింద. ఒరే, నీ పొయ్యి కిందే నువ్వు తవ్వుకున్నావురా అని అందరం నవ్వాం. వాడు నవ్వలేదు."

నాయనమ్మ చూపు దుంగ మీదికి పోయింది.

"మేస్త్రీ ఉద్యోగం పోతుందని పటంలో ఎక్కించలేదు. కర్ర ఇమ్మని మీ ఆయన అడిగితే, లెక్కలో లేని చోటికి కర్ర ఎలా ఇస్తామన్నారు. మర్నాడు వాడు పనిలోకి రాలేదు. ఆ మర్నాడు తెల్లారేసరికి గని దగ్గర బండెడు నేరేడు దుంగలు. 'నీళ్ళలో నానినా కుళ్ళని కర్రరా ఇది, దీని మీద ఆవిడ మనవలు కూడా అన్నం వండుకుంటారు' అన్నాడు. మా టబ్బుల్లో దాచి దించాం. మా షిఫ్టు అయ్యాక ఒక్కడే కూర్చుని దొంతి కట్టాడు. మమ్మల్ని చెయ్యి వెయ్యనివ్వలేదు."

"అమ్మి తాగానని నాతో అన్నాడు" అంది నాయనమ్మ. ఆవిడ గొంతు చాలా మామూలుగా ఉంది.

"వాడనలేదు. నువ్వన్నావు. వాడు కాదనలేదు. కాదంటే మరి చెట్టేదని అడుగుతావు కదా."

నాయనమ్మ కూర్చుంది. దుంగను ఒళ్ళోకి లాక్కుంది. కొంగుతో మసి తుడుస్తూ పోతుంటే గాడి తగిలింది. చూడలేదు. బూడిదలో పలుకును తాకినట్టే వేలితో తాకింది. రెండోది ఎక్కడ ఉంటుందో తెలిసినట్టు వేలు అక్కడికి పోయింది.

"నిద్రపొమ్మన్నాడు" అంది కాసేపటికి. "నేను నిద్రపోయాను. ఆయనే లేచి వంటింట్లోకి పోయేవాడు. వట్టి నేల మీద బోర్లా, చెంప నేలకు ఆనించి. పొద్దున్నే చూసేదాన్ని. తాగి ఎక్కడ పడితే అక్కడ పడిపోయాడని..."

దీపాల తాత చేతికర్రతో నేల మీద ఏదో గీస్తున్నాడు. నాన్న పెరటి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నాకు తాతయ్య మొదటిసారి కనిపించాడు: మా వంటింట్లో, పొయ్యి పక్కన, నేలకు చెవి ఆనించి, కింద కర్ర పలుకుతోందా అని వింటూ.

పైన ఎక్కడో ఉరిమింది. అమ్మ తీగ మీద బట్టలు తీయడానికి వెళ్ళింది. నాయనమ్మ తల ఎత్తి నాన్నను అడిగింది.

"ఇంకా గట్టిగానే ఉందా?"

"ఒక్క దుంగా పగల్లేదమ్మా. కానీ పక్క గోడలు రాలుతున్నాయి."

"నువ్వే లాగుతావా?"

"నేనే."

"జాగ్రత్త. ఆయన దిగ్గొట్టింది అంత తేలిగ్గా రాదు."

* * *

ఇప్పుడు అక్కడ వీధి లేదు. కంచె వేశారు. కంచె అవతల నేల గిన్నెలా దిగిపోయింది, వానాకాలంలో నీళ్ళు నిలుస్తాయి. నీళ్ళకు కరువున్న ఊళ్ళో చివరికి నీళ్ళు నిలిచింది అక్కడే. కొంగలు వాలతాయి. కొత్త క్వార్టర్లలో బిందెలో నీళ్ళు సమంగా నిలబడతాయి, తలుపులు పడతాయి. నాన్న పదవీ విరమణ చేశాడు, ఇంకా దూలాలు తడుతూనే ఉంటాడు. ఇక్కడి కప్పులు సిమెంటువి, అన్నీ ఒకేలా మోగుతాయి. ఆయనకు తోచదు. ఎప్పుడైనా కంచె దాకా నడిచి వెళ్తే, నాన్న నీళ్ళలోకి వేలు చూపించి "అదిగో, మన పొయ్యి" అంటాడు. నేను నిజంగానే చూస్తాను.

ఆ చివరి పొద్దు నాకు బాగా గుర్తు. సామాను ముందురోజు సాయంత్రమే లారీలో వెళ్ళిపోయింది. నాన్న తలుపులు ఊడదీశాడు. పొయ్యి మాత్రం మిగిలింది, దాన్ని ఎవరూ తీసుకెళ్ళలేరు. తెల్లవారి నేను లేచేసరికి నాయనమ్మ పొయ్యి ముందు కూర్చుని బూడిద తీస్తోంది. జల్లెడ లారీలో వెళ్ళిపోయింది కాబట్టి చేత్తోనే. పలుకులు ఏరి కొంగున కట్టుకుంది. మిగిలిన మెత్తటి బూడిదను పెరట్లోకి తీసుకెళ్ళి నేరేడు మొదలు చుట్టూ పోసింది. ఆ ఉరిమిన సాయంత్రం కురిసిన కాస్త వానకే దాని పక్కన చిగుళ్ళు లేచాయి. వాటిని చూసింది. చిదమలేదు.

తిరిగి వచ్చి వంటిల్లు ఊడ్చింది. మూల నుంచి గుమ్మం వైపు ఊడ్చుకుంటూ వచ్చింది.

"అత్తయ్యా, కూలిపోయే ఇంటికి ఊడ్చడం దేనికి?" అంది అమ్మ. అని, తనే చీపురు అందుకుని ముందు గది ఊడ్చింది.

నాన్న షిఫ్టు బట్టలతో గుమ్మం బయట నిలబడి ఉన్నాడు. మమ్మల్ని రైలు కట్ట దాటించి అటునుంచి అటే గనికి వెళ్ళాలి. దీపాల తాత వీధి మధ్యలో చేతికర్ర మీద వాలి, ఎటో చూస్తున్నాడు. నేను గడప దిగుతూ అలవాటుగా "వస్తా నాయనమ్మా" అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. లోపల్నుంచి "రా" అని వినిపించలేదు.

నాయనమ్మ వంటింట్లో వంగింది. ఒక చేత్తో గోడ పట్టుకుని, మోకాళ్ళ మీద మెల్లగా దిగి, పొయ్యి పక్కన నేల మీద చెంప ఆనించింది. అమ్మ ముందుకు వెళ్ళబోతే నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు. ఎంతసేపు ఉందో తెలియదు. పిట్టలు అరుస్తున్నాయి, గని వైపు నుంచి మొదటి కూత వచ్చింది, అది కూడా ఆగిపోయింది.

తర్వాత లేచింది. చెంపకు అంటిన మట్టి తుడుచుకోలేదు. మూలన ఉన్న దుంగను ఎత్తి, చంటిపిల్లను వేసుకున్నట్టు చంకనేసుకుంది. తలుపు లేని గుమ్మం దగ్గరికి వచ్చి, గడప మీద ఒక్క క్షణం ఆగింది. మేమందరం ఆ మాట కోసం చూశాం. ఆ నియమం పెట్టింది ఆవిడే.

నాయనమ్మ లోపలికి తిరిగి చూడలేదు, ఏమీ అనలేదు. గడప దాటి, మా ముందు నుంచి రైలు కట్ట వైపు నడిచింది.